పాత ఫియట్‌కి ఏ కార్బరేటర్? ఉన్నదాన్ని బాగు చేయించడమా, మారుతిది వేయడమా, వెబర్ కొనడమా?

మా ఇంట్లో నాన్నగారి నాటి ప్రీమియర్ పద్మిని ఉంది. విజయనగరంలో ఎవరూ దాన్ని పద్మిని అనరు, ఫియట్ అనే అంటారు. నేనూ అలాగే రాస్తాను. ఇలాంటి బండి ఉన్నవాళ్ళు, అంబాసిడర్ ఉన్నవాళ్ళు కూడా, కలిసినప్పుడల్లా అడిగేది ఒకటే: "పికప్ చచ్చిపోయింది, పెట్రోలు తాగేస్తోంది, స్లోలో నిలబడటం లేదు. కార్బరేటర్ మార్చేద్దామా?"

కార్బరేటర్ అంటే పెట్రోలుని గాలితో కలిపి ఇంజనుకి అందించే భాగం. స్లో అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను తిరగడం. ఆ ప్రశ్నకి నా జవాబు ముందే చెప్పేస్తాను. ఇంజను కంపెనీ ఇచ్చినట్టే ఉంటే, అంటే హెడ్డు, క్యామ్, సైలెన్సర్ ఏవీ మార్చకుండా ఉంటే, నూటికి తొంభై బళ్ళకి కొత్త కార్బరేటర్ అక్కర్లేదు. ఉన్నదానికి పూర్వపు కొలతలు తిరిగి రప్పిస్తే చాలు. మిగిలిన పది బళ్ళ సంగతి, వాటికి ఏది నప్పుతుంది, ఏది నప్పదు అన్నదే అసలు చర్చ.

ఈ మాట నేను డబ్బు, సమయం పోగొట్టుకున్నాకే నేర్చుకున్నాను. మా ఫియట్ ఎక్కుళ్ళలో దమ్ము లేక ఆగిపోతుంటే, తెలిసినవాళ్ళ మాట మీద మారుతి 800 కార్బరేటర్ ఒకటి పాత సామాన్ల కొట్లో కొని వేయించాను. ఊళ్ళో రెండు రోజులు బాగానే తిరిగింది. మూడో రోజు కుటుంబంతో ఎస్.కోట మీదుగా అరకు బయల్దేరాం. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కుతుంటే ఇంజను ఒక్కసారిగా దగ్గడం మొదలుపెట్టింది. యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతుంది, తొక్కితే దగ్గుతుంది. బానెట్ ఎత్తి గంటసేపు వెతికాం. కార్బరేటర్‌కి ఉన్న సోలెనాయిడ్ (స్లోలో పెట్రోలు వెళ్ళే దారిని కరెంటుతో తెరిచే చిన్న వాల్వు) వైరు క్లిప్పు ఊడి వేలాడుతోంది. దాన్ని మళ్ళీ గుచ్చితే బండి స్లోలో నిలబడింది గానీ, దగ్గు మాత్రం పోలేదు. అక్కడినుంచే వెనక్కి తిప్పాం. పిల్లలు ఆ రోజు బొర్రా గుహలు చూడలేదు.

తర్వాత బండిని కంటోన్మెంటు వైపు ఉన్న మా పాత మేస్త్రి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన మారుతి కార్బరేటర్ వంక చూడనైనా చూడలేదు. "పాతది ఏదీ?" అన్నాడు. డిక్కీలో గోనెగుడ్డలో చుట్టి ఉన్న సోలెక్స్, అంటే బండికి మొదటినుంచీ ఉన్న కార్బరేటర్, తీసి ఇచ్చాను. థ్రోటిల్ షాఫ్టు (గాలిదారిని తెరిచి మూసే బిళ్ళని తిప్పే కడ్డీ) చివర బొటనవేలు, చూపుడువేలు పెట్టి పైకీ కిందకీ కదిపాడు. టక్, టక్ మని వినపడింది. "సూడు బాబూ, ఇది సెడిపోలేదు, అరిగిపోనాది. రెండిటికీ తేడా ఉన్నాది" అన్నాడు. షాఫ్టు అరిగి వదులైన ఆ కన్నంలోంచి ఇంజను దొంగగాలి లాగేస్తోంది. ఆ గాలికి తగ్గ పెట్రోలు అందదు కాబట్టి స్లో నిలబడదు. స్లో నిలబడట్లేదని స్క్రూ తిప్పి పెట్రోలు పెంచుతాం. మైలేజి పోతుంది. మైలేజి పోయిందని కార్బరేటర్ మార్చేస్తాం.

పెద్ద కార్బరేటర్ వేస్తే ఎక్కువ దమ్ము వస్తుందని ఎందుకు అనుకుంటామో, ఎందుకు రాదో ఒకసారి లెక్క వేసి చూద్దాం. ఫియట్ ఇంజను 1089 సీసీ. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి రెండు చుట్లకి ఒకసారి తన సీసీ అంత గాలి పీలుస్తుంది. 5000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి 2500 సార్లు. సిలిండర్లు నూటికి ఎనభై వంతులు నిండుతాయనుకుంటే నిమిషానికి సుమారు 2200 లీటర్ల గాలి. అంబాసిడర్ 1489 సీసీ ఇంజను 4200 ఆర్‌పీఎం దగ్గర పీల్చేది సుమారు 2500 లీటర్లు. ఆ గాలిని పంపడానికి కంపెనీ వేసిన కార్బరేటరే సరిపోతుంది. వాల్వుల సైజు, మానిఫోల్డ్ (కార్బరేటర్ నుంచి సిలిండర్లకి వెళ్ళే గొట్టం) సందులు అవే ఉన్నప్పుడు పైన ఎంత పెద్ద నోరు పెట్టినా లోపలికి వెళ్ళే గాలి పెద్దగా పెరగదు.

పెరగకపోగా నష్టం కూడా ఉంది. పెరట్లో మొక్కలకి నీళ్ళు పెట్టేటప్పుడు పైపు మూతిని బొటనవేలితో నొక్కితే నీళ్ళు దూరంగా, తుంపరగా పడతాయి. వేలు తీసేస్తే కాళ్ళ దగ్గరే కారుతాయి. కార్బరేటర్ గొంతులో ఉండే వెంచూరి ఆ బొటనవేలి పనే చేస్తుంది. గొంతు ఇరుకైన చోట గాలి వేగం పెరుగుతుంది, ఆ వేగమే పెట్రోలుని లాగి తుంపర చేస్తుంది. ఇంజనుకి మించిన గొంతు పెడితే తక్కువ స్పీడులో గాలి నెమ్మదిస్తుంది, పెట్రోలు తుంపర కాదు, చుక్కలుగా పడుతుంది. విజయనగరం మూడు లాంతర్ల సెంటర్ దగ్గర సందుల్లో సెకండ్ గేరులో పోయే బండికి కావలసింది సరిగ్గా ఆ తక్కువ స్పీడు పికప్పే.

ఉన్న సోలెక్స్‌ని బాగు చేయించడం

ఇది నా మొదటి ఓటు. కానీ "కిట్టు వేసేశాం" అంటే బాగు చేసినట్టు కాదు. కిట్టులో వచ్చేవి ప్యాకింగులు, డయాఫ్రమ్ (పల్చటి పొర), నీడిల్ వాల్వు (కార్బరేటర్‌లోని పెట్రోలు గిన్నె నిండగానే పెట్రోలు ఆపే సూది) మాత్రమే. అసలు అరిగేది షాఫ్టు, దాని కన్నం. అది లేతు పని. కన్నాన్ని రీమర్‌తో సాపు చేసి, ఇత్తడి బుష్‌లు దిగ్గొట్టి, షాఫ్టు కొత్తది వేయాలి. విజయనగరంలో, సాలూరులో ఈ పని తెలిసిన లేతు చేతులు ఉన్నాయి. సాలూరు లారీల ఊరు, అక్కడ ఇంతకంటే కష్టమైన బుష్షింగులు రోజూ చేస్తారు. ఒక్క జాగ్రత్త: బుష్ వేశాక థ్రోటిల్ బిళ్ళ గొంతులో అన్ని వైపులా సమానంగా ఆనాలి. వెలుతురుకి ఎదురుగా పెట్టి చూస్తే చుట్టూ సన్నటి గీతలా ఒకే తీరులో వెలుగు రావాలి. ఒక పక్క నెలవంకలా కనపడితే పని మళ్ళీ చేయించండి.

రెండోది అడుగు భాగం, ఫ్లాంజి. నట్లు ఇష్టం వచ్చినట్టు బిగించడం వల్ల ఏళ్ళ తరబడి దాని చెవులు కిందికి వంగి ఉంటాయి. మందపాటి గాజుపలక మీద ఎమరీ పేపరు పరిచి, దాని మీద ఫ్లాంజిని ఎనిమిది అంకె ఆకారంలో రుద్దితే ఎక్కడ పల్లం ఉందో అక్కడ మెరుపు రాదు. అంతటా మెరుపు వచ్చేదాకా రుద్దాలి. మా మేస్త్రి దీనికి అరపూట పెట్టాడు. కింద ఉండే మందపాటి ఫైబర్ ప్యాకింగ్ తీసేసి పల్చటిది వేస్తే ఇంజను వేడి నేరుగా పెట్రోలు గిన్నెకి ఎక్కుతుంది. వైశాఖంలో బండి ఆపి పది నిమిషాల తర్వాత స్టార్ట్ కాకపోవడానికి చాలా బళ్ళలో కారణం ఇదే.

మూడోది జెట్లు, అంటే పెట్రోలుని కొలిచి వదిలే సన్న కన్నాల ఇత్తడి ముక్కలు. సన్న తీగతో పొడిచి శుభ్రం చేసే అలవాటు మన దగ్గర ఎక్కువ. ఇత్తడి మెత్తన, తీగ గట్టిది. పొడిచిన ప్రతిసారీ కన్నం పెరుగుతుంది. జెట్లని పెట్రోలులో నానబెట్టి గాలి కొట్టడమే సరైన పద్ధతి. ఇదివరకే పొడిచేసి ఉంటే కొత్త జెట్లు కొనండి.

ఇవన్నీ కలిపినా ఖర్చు మిగతా దారులన్నిటికంటే తక్కువ. లింకేజి, ఎయిర్ ఫిల్టర్, చోక్ వైరు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే సరిపోతాయి. మా బండి ఈ పని తర్వాత స్లోలో నిలబడింది, ఎక్కుళ్ళలో గేరు దించే అవసరం తగ్గింది. ఆ ఏడాది సిరిమానోత్సవం రోజు జనంలో ఒక్కో అడుగూ వేస్తూ నడిచింది, ఒక్కసారి కూడా ఆగలేదు.

కొత్త సోలెక్స్ తరహాది కొనడం

బాడీకే పగులు వచ్చినా, మరలు అరిగిపోయి స్క్రూ పట్టకపోయినా బుష్షింగు వల్ల లాభం లేదు. అప్పుడు అదే రకంలో ఇంకొకటి చూసుకోవాలి. డబ్బాలో కొత్తగా దొరికేవి చాలావరకు నకళ్ళు. పోతపోసిన తీరు, జెట్ల కన్నాల కొలత ఒకదానికొకటి పొంతన ఉండదు. అలాంటిది తీసుకోవలసివస్తే మీ పాత దాంట్లోని జెట్లు, ఎమల్షన్ ట్యూబ్ (పెట్రోలులో గాలి కలిపే సన్న గొట్టం), వెంచూరి తీసి కొత్త దాంట్లోకి మార్చండి. బాగున్న అసలు సోలెక్స్ సెకండ్ హ్యాండుది దొరికితే నకలు కంటే అదే మేలు. విజయనగరం హౌరా–చెన్నై లైను మీద ఉండటం మనకి కలిసొచ్చే విషయం. ఒక పక్క కలకత్తా మల్లిక్ బజార్, ఇంకో పక్క చెన్నై పుదుపేట, రెండూ పాత బళ్ళ సామాన్లకి పేరున్న చోట్లు. వెళ్ళేటప్పుడు మీ పాతదాన్ని సంచిలో వేసుకుని వెళ్ళండి, ఫోటో చాలదు. కొనేముందు షాఫ్టు కదిపి చూడడం మరిచిపోకండి.

మారుతి కార్బరేటర్

నేను దెబ్బతిన్నానని దీన్ని తీసిపారేయను. సరిగ్గా చేస్తే ఇది పనిచేస్తుంది, చేసుకున్నవాళ్ళు సంతోషంగా ఉన్నారు. దీనిలో మెచ్చుకోవలసింది రెండు గొంతులు ఉండటం. మామూలుగా చిన్న గొంతు ఒక్కటే తెరుచుకుంటుంది, బాగా తొక్కినప్పుడు రెండోది కలుస్తుంది. అందువల్ల నింపాదిగా నడిపితే పెట్రోలు కలిసొస్తుంది.

నేను చేసిన తప్పు ఏ మారుతి బండిది తీసుకోవాలన్న ఎంపికలోనే ఉంది. మారుతి 800 ఇంజను 796 సీసీ, మూడు సిలిండర్లు. దాని జెట్లు, గొంతు ఆ ఇంజనుకి కొలిచి పెట్టినవి. వాటిని ముట్టుకోకుండా 1089 సీసీ మీద కూర్చోబెడితే పెట్రోలు తక్కువ అందుతుంది. ఘాట్‌లో నా బండి దగ్గింది అందుకే. ఫియట్‌కి దగ్గరగా ఉండేది పాత జెన్ కార్బరేటర్, దాని ఇంజను 993 సీసీ. అంబాసిడర్ 1489 సీసీకి జిప్సీ కింగ్‌ది గానీ ఎస్టీమ్‌ది గానీ దగ్గర, అవి 1298 సీసీ. వాటికి కూడా జెట్లు పెంచుకోవలసి రావచ్చు గానీ, సరిచేయగలిగినంత తేడాయే ఉంటుంది.

పని జాబితా మాత్రం చిన్నది కాదు. బోల్టుల దూరం కలవదు కాబట్టి మధ్యలో అడాప్టర్ ప్లేటు చేయించాలి. రెండు గొంతులూ కింద ఒకే కన్నంలోకి దిగాలి, మధ్యలో మెట్టులా అడ్డు మిగిలితే పెట్రోలు అక్కడే నిలుస్తుంది. సోలెనాయిడ్‌కి ఇగ్నిషన్ ఆన్ చేసినప్పుడు మాత్రమే కరెంటు వచ్చే వైరు కావాలి. ఆ కరెంటు పోతే స్లో జెట్ మూసుకుపోతుంది, నాకు ఘాట్‌లో జరిగింది అదే. దాన్ని మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, సరైన క్లిప్పుతో బిగించాలి. డిస్ట్రిబ్యూటర్‌కి వాక్యూమ్ గొట్టం ఉంటే ఏ మూతికి కలపాలో తెలిసి కలపాలి. యాక్సిలరేటర్ లింకేజి కొత్తగా అమర్చాక రిటర్న్ స్ప్రింగులు ఒకటి కాదు, రెండు పెట్టండి. తొక్కింది తొక్కినట్టే ఉండిపోతే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంకొక మాట. మారుతి బళ్ళు 2000 తర్వాత కార్బరేటర్ వదిలి ఇంజెక్షన్‌కి (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే పద్ధతికి) మారిపోయాయి. అంటే కొత్త ప్రాణం పోస్తుందని మనం కొనే ఆ కార్బరేటర్ కూడా పాతికేళ్ళ నాటిదే. దాని షాఫ్టూ అరిగే ఉంటుంది, దాని డయాఫ్రమూ ఎండే ఉంటుంది. దాన్ని కూడా విప్పి బాగు చేయించాకే ఎక్కించాలి. అంత చేసేటప్పుడు ముందు మన సోలెక్స్‌కి ఆ పని చేయించి చూడడం న్యాయం కదా.

వెబర్

ఇటలీలోని బొలోన్యాలో ఎదోఆర్దో వెబర్ మొదలుపెట్టిన కంపెనీది ఈ పేరు. పాత బళ్ళ ప్రియులు ఎక్కువగా చెప్పుకునేది 32/36 డీజీవీ. మొదటి గొంతు 32 మి.మీ., రెండోది 36 మి.మీ. అద్భుతమైన వస్తువు, జెట్లు రకరకాల కొలతల్లో విడిగా దొరుకుతాయి, ఎంత సన్నంగానైనా ట్యూన్ చేసుకోవచ్చు. కానీ అది రెండు లీటర్ల తరగతి ఇంజన్లకి నప్పేది. ఏమీ మార్చని 1089 సీసీ ఫియట్‌కి ఇది కుండెడు అన్నానికి గుండిగ పెట్టినట్టు. అంబాసిడర్ మీద, క్యామ్, హెడ్డు పనులు చేయించినవాళ్ళు ఆలోచించవచ్చు. ధర, తెప్పించుకునే ఖర్చు కలిపితే పదుల వేలలోకి పోతుంది. వెబర్ పేరుతో నకళ్ళు కూడా తిరుగుతున్నాయి.

అంబాసిడర్ ఎస్‌యూ ఉన్నవాళ్ళకి

అంబాసిడర్లలో కొన్నింటికి సోలెక్స్, కొన్నింటికి ఎస్‌యూ అనే ఇంకో రకం కార్బరేటర్ ఉంటుంది. ఎస్‌యూ ఉంటే దయచేసి దాన్ని తీసి పక్కన పెట్టకండి. ఇంజను ఎంత గాలి అడిగితే అంత మేరకి ఈ కార్బరేటర్‌లోనే ఉండే పిస్టన్ పైకి లేచి గొంతుని తానే వెడల్పు చేసుకుంటుంది, సూది ఆ కొద్దీ పెట్రోలు వదులుతుంది. ఫిల్టర్ తీసి, ఇంజను ఆపి ఉంచి, పిస్టన్‌ని వేలితో పైకెత్తి వదలండి. నింపాదిగా దిగి చివర్న టక్ మని కూర్చోవాలి. మధ్యలో పట్టేస్తే జెట్ నడిమధ్యలో లేదన్నమాట. పైన మూత విప్పి పల్చటి ఇంజనాయిల్ పోయాలి, బ్రేకాయిల్ కాదు. తొక్కగానే బండి ఒక క్షణం తడబడితే చాలాసార్లు ఆ ఆయిలు అయిపోయి ఉంటుంది.

ఇంజెక్షన్ కిట్ గురించి రెండే మాటలు. ఎలక్ట్రిక్ పంపు, రిటర్న్ లైను, ఆక్సిజన్ సెన్సర్, కంప్యూటర్, వీటన్నిటికీ సరిపోయే ఛార్జింగ్ కావాలి. రోడ్డు మీద ఆగిపోతే గజపతినగరం దగ్గర దాన్ని చూసేవాడు ఎవరు? నాకు తోచినంతలో మన ఊళ్ళకి ఇది ఇంకా తొందరే.

ఇప్పటి పెట్రోలు సంగతి

ఏ దారి ఎంచుకున్నా దీన్ని మాత్రం లెక్కలోకి తీసుకోవాలి. ఇప్పుడు బంకుల్లో వస్తున్నది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఒట్టి పెట్రోలు ఒక కిలో పూర్తిగా మండడానికి 14.7 కిలోల గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 కిలోలు చాలు. అంటే అదే గాలికి ఎనిమిది శాతం పైగా ఎక్కువ ఇంధనం ఇవ్వాలి. పాత జెట్ అది ఇవ్వదు. ప్లగ్గులు తెల్లబడటం, ఇంజను వేడెక్కడం, తొక్కినప్పుడు వెనక్కి లాగినట్టు ఉండటం దీని గుర్తులు.

సోలెక్స్ జెట్ మీద ఉండే అంకె దాని కన్నం వ్యాసం, మిల్లీమీటర్‌లో నూరో వంతుల్లో. 120 అంటే 1.20 మి.మీ. అది 125 చేస్తే కన్నం వైశాల్యం ఎనిమిదిన్నర శాతం పెరుగుతుంది, మనకి కావలసింది దాదాపు అంతే. మొదలే కాస్త ఎక్కువ పెట్రోలు మీద నడుస్తున్న బండి అయితే మార్చనక్కర్లేదు. ప్లగ్గు రంగు చూసి నిర్ణయించుకోండి: ఇటుక పొడి రంగుంటే సరే, సున్నంలా ఉంటే జెట్ పెంచాలి. మారుతి జెట్ల అంకెల్ని సోలెక్స్ అంకెలతో పోల్చి కొనకండి, కొలిచే తీరు వేరు.

పాత రబ్బరు గొట్టాలు, డయాఫ్రమ్‌లు ఇథనాల్‌కి మెత్తబడి ఉబ్బుతాయి, పగులుతాయి. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. కళింగపట్నం, భావనపాడు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో బండిని నెలల తరబడి షెడ్డులో ఉంచితే ఫ్లోట్ గిన్నె అడుగున తెల్లటి పొడి పేరుకుంటుంది. మా పెద్దనాన్నగారి అంబాసిడర్ టెక్కలిలో ఆరు నెలలు ఆగి ఉంటే, గిన్నె విప్పినప్పుడు జెట్ కన్నం ఆ పొడితో పూర్తిగా మూసుకుపోయి కనపడింది. ఎక్కువ రోజులు తిప్పరనుకుంటే ట్యాంకు నుంచి పంపుకి వచ్చే పెట్రోలు గొట్టం పీకి, దాని మూతి మూసి, గిన్నెలోది మండి ఇంజను దానంతట అది ఆగేదాకా నడిపి ఉంచండి.

అరకు, కోరాపుట్ వైపు తరచూ వెళ్ళేవాళ్ళు జెట్ మరీ పెంచుకోకూడదు. అరకు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి ఎనిమిది శాతం దాకా పల్చగా ఉంటుంది, కార్బరేటర్‌కి ఆ సంగతి తెలియదు కాబట్టి పెట్రోలు పాళ్ళు దానంతటవే పెరుగుతాయి. కింద కొంచెం తక్కువగా అనిపించే జెట్ పైన సరిగ్గా సరిపోతుంది.

నిర్ణయానికి ముందు ఇంట్లోనే చేసుకునే పరీక్షలు కొన్ని ఉన్నాయి. ట్యాపెట్లు, పాయింట్ల గ్యాపు, ప్లగ్గులు, టైమింగ్ సరిచేయించండి, కంప్రెషన్ చూపించండి. కంప్రెషన్ లేని ఇంజనుకి ఏ కార్బరేటరూ ప్రాణం పోయలేదు. తర్వాత ఇంజను వేడెక్కాక స్లోలో ఉంచి చోక్ సగం లాగండి. ఇంజను తేరుకుని హాయిగా తిరిగితే ఎక్కడో దొంగగాలి ఉంది, లేదా జెట్ చిన్నది. ఇంకా పాడైతే పెట్రోలు ఇప్పటికే ఎక్కువ పోతోంది. ఫిల్టర్ తీసి గొంతులోకి చూసినప్పుడు, స్లోలోనే నాజిల్ నుంచి చుక్కలు కారుతుంటే, నీడిల్ వాల్వు పట్టడం లేదన్నమాట.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఎలాగూ తీసుకోవాలి కదా, ఆ మిషన్‌ని ట్యూనింగ్‌కి కూడా వాడుకోండి. ఈ పాత బళ్ళకి స్లోలో కార్బన్ మోనాక్సైడ్ పరిమితి 3 శాతం. గొట్టం సైలెన్సర్‌లో ఉండగానే మిక్చర్ స్క్రూ పావు చుట్టు చొప్పున తిప్పుతూ అంకె చూడమని అడగండి. కాదనేవాళ్ళు తక్కువ. రెండు శాతం చుట్టుపక్కల స్లో నిలకడగా ఉంటే మీ కార్బరేటర్ ఆరోగ్యంగా ఉన్నట్టే. స్క్రూ ఎంత తిప్పినా అంకె కదలకపోతే స్లో జెట్ మూసుకుందనో, షాఫ్టు పక్కనుంచి గాలి పోతోందనో అర్థం.

ఇవన్నీ చేశాక కూడా మారుతిదో వెబరో వేయాలనే అనిపిస్తే వేయించండి, కానీ తీసిన సోలెక్స్‌ని పాత ఇనుము కింద అమ్మకండి. పెట్రోలుతో కడిగి, లోపల కాస్త ఇంజనాయిల్ రాసి, జెట్ల అంకెలు, వెంచూరి అంకె ఒక కాగితం మీద రాసి, దానితోపాటే పాలిథిన్ సంచిలో కట్టి పెట్టండి. దాన్ని బిగించే నట్లు, ఆ ఫైబర్ ప్యాకింగ్ కూడా అందులోనే వేయండి. ఆ రోజు నా డిక్కీలో గోనెగుడ్డలో ఉంది గనకే మేస్త్రి దాన్ని చేతిలోకి తీసుకుని కదిపి చూపించగలిగాడు.